ఖాళీ అనుకున్న చోటు

మా తమ్ముడు పోయాడన్న కబురు మాఘమాసం చివర్లో, ఒక ఉదయం తొమ్మిది దాటాక వచ్చింది. నేను వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. మా ఇంటికెదురుగా ఎరువుల కొట్టులో ఫోను ఉంది. మాకు ఫోను వస్తే ఆ కొట్టాయన అక్కడినుంచే కేకేస్తాడు. ఆ రోజు రోడ్డు దాటి వచ్చాడు. గడప బయట నిలబడి చెప్పులు విడిచాడు. ఆ చెప్పులు విడవడం చూడగానే నాకు తెలిసిపోయింది.

"అక్కా, హైదరాబాదు నించి..." అన్నాడు.

చేతిలో ఉన్న కాయ తొడిమ తీసి, కుప్పలో వేసి లేచాను. పొద్దున పెట్టిన దీపం దేవుడి గదిలో ఇంకా వెలుగుతోంది. మైల వచ్చింది కాబట్టి లోపలికి పోలేదు. బయటే నిలబడి, వాణ్ణి నీ దగ్గర పెట్టుకో తండ్రీ అని అడిగాను. అంతకు మించి అడగడానికి ఏమీ తోచలేదు.

వాడికి నలభై ఇంకా నిండలేదు. రెండేళ్ళుగా మూత్రపిండాల జబ్బుతో ఉన్నాడు. తెలిసిన సంగతే. తెలిసినంత మాత్రాన సిద్ధంగా ఉంటామని కాదు.

ఇది చదివే మీలో కొందరికి వాడు సారు. కొందరికి ఎవరో తెలియదు. నాకు రాయడం రాదు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. వాడి దగ్గర పని నేర్చుకున్న పిల్లలు వాడి గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు కాబట్టి, నాకు తెలిసినంత రాస్తున్నాను.

మా అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్ళు. నాకు పద్దెనిమిది. గురజాలకు కాపురానికి వచ్చి అప్పటికి ఏడాదైంది. కర్మలు అయ్యాక మా నాన్న వాణ్ణి భుజాన వేసుకుని వచ్చి, నా ఒళ్ళో దించి, "నీ దగ్గరే ఉండనియ్యమ్మా" అన్నాడు. మా అత్తగారు ఏమంటుందోనని నేను తల ఎత్తలేదు. ఆమె లోపలికి పోయి ఇంకో చిన్న కంచం కడిగి తెచ్చి పెట్టింది. అంతే. వాడు మా ఇంట్లో పెరిగాడు.

చిన్నప్పటి నుంచి వాడికి తొందర ఎక్కువ. తినడంలో కాదు, తినడానికి గంట పట్టేది. జవాబు చెప్పడంలో. అడిగేవాళ్ళ మాట పూర్తి కాకముందే వాడు చెప్పేసేవాడు. చెప్పింది సరిగ్గానే ఉండేది. బళ్ళో మాస్టర్లు మెచ్చుకునేవాళ్ళు. నేను మురిసిపోయేదాన్ని. ఒక్కసారి కూడా, కాస్త ఆగి చెప్పరా అని అనలేదు. ఆ సంగతి తర్వాత చానాసార్లు తలుచుకున్నాను.

నరసరావుపేటలో కాలేజీ చదువు, తర్వాత హైదరాబాదు. కంప్యూటర్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం. ఏం పని చేస్తాడని వీధిలో అడిగితే నాకు చెప్పడం వచ్చేది కాదు. కంప్యూటరు అంటే ఇక్కడ ఎవరికీ తెలియని రోజులు. మిషన్లు బాగుచేస్తాడు అన్నాను ఒకసారి. ఆ తర్వాత వాడు సెలవుకి వస్తే మా పక్కింటి పెద్దాయన రేడియో చంకన పెట్టుకుని వచ్చి, "అబ్బాయ్, ఇది గరగరమంటంది, చూడు" అన్నాడు. వాడు నవ్వలేదు. అది నా పని కాదు తాతా అని కూడా అనలేదు. రెండు గంటలు కూర్చుని దాన్ని విప్పి, బాగుచేసి ఇచ్చాడు. మర్నాడు ఇంకో రెండు రేడియోలు వచ్చాయి. "అక్కా, నువ్వు నాకు కొత్త ఉద్యోగం ఇప్పించావు" అన్నాడు.

ఐదేళ్ళ కిందటి సంగతి చెప్పాలి. వాడి గురించి రాస్తూ అది దాటిపోతే రాసినట్టు కాదు. వాడే ఒప్పుకునేవాడు కాదు.

దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో వాళ్ళ కంపెనీ కంప్యూటరు పెట్టారు. ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే ప్రతి లారీనీ అక్కడున్న రెండు కాటాల్లో ఒకదాని మీద తూకం వేసి, లారీ నంబరూ బరువూ దానిలో కొడితే, అది డ్రైవరుకి ఒక చీటీ అచ్చువేసి ఇస్తుంది. ఆఫీసు కోసం ఇంకో కాపీ రాసిపెడుతుంది. పొద్దున బాగానే నడిచేది. మధ్యాహ్నానికి మొద్దుబారిపోయి, ఏం కొట్టినా పలికేది కాదు. అప్పుడు ఆపి మళ్ళీ వేసేవాళ్ళు. ఆ అరగంటా లారీలు రోడ్డు మీదికి బారులు తీరేవి. డ్రైవర్లు హారన్లు మోగించేవాళ్ళు. దాన్ని సరిచేయమని మా తమ్ముణ్ణి పంపారు. ఊరు దగ్గర కదా అని, భార్యనీ పిల్లల్నీ హైదరాబాదులోనే ఉంచి, నాలుగు నెలలు నా దగ్గరే ఉన్నాడు. రోజూ పొద్దున బస్సెక్కి పోయి, సాయంత్రం తల మీద సిమెంటు దుమ్ముతో దిగేవాడు. పదిహేనేళ్ళ తర్వాత వాడు రోజూ నా చేతి అన్నం తిన్న రోజులవి. దేవుడు ఆ నాలుగు నెలలు నాకు ఇచ్చాడు.

ఒకరోజు అన్నం పెడుతూ ఆ మిషన్ జబ్బేందిరా అని అడిగాను. వాడు నన్నే తిరిగి అడిగాడు.

"నువ్వు నవమికి రామాలయంలో బంతులు వేయిస్తావు గదక్కా. పందిట్లో ఎంతమంది పడతారు?"

"అరవై."

"వచ్చేది?"

"ఎంతమందైనా వస్తారు."

"మరెట్టా సరిపెడతావు?"

"తిన్నవాళ్ళు లేస్తారు. విస్తళ్ళు తీయిస్తా. ఆ చోట్లో ఇంకొకళ్ళు కూర్చుంటారు."

"అదేనక్కా నా ఉద్యోగం" అన్నాడు.

తర్వాత వివరంగా చెప్పాడు. కంప్యూటరులో మెమొరీ అనేది ఉంటుందట. దాన్ని సమానంగా చిన్న చిన్న ముక్కలు చేస్తారట. ఒక్కో ముక్కను పేజీ అంటారట. లోపల పని చేసుకోవడానికి వచ్చే ప్రతి ప్రోగ్రాముకీ కొన్ని పేజీలు ఇవ్వాలి. పని అయిపోయి అది వెళ్ళిపోగానే ఆ పేజీలు వెనక్కి తీసుకుని, తర్వాత వచ్చేదానికి ఇవ్వాలి. ఇదంతా చూసే పెద్దను కెర్నెల్ అంటారు. "అంటే అక్కడ నువ్వన్న మాట" అన్నాడు నాతో. ఆ ఫ్యాక్టరీ మిషన్లో తిన్నవాళ్ళు లేచిపోతున్నారు కానీ, వాళ్ళ విస్తళ్ళు ఎవరూ తీయడం లేదు. మధ్యాహ్నానికి పందిరంతా ఎంగిలి విస్తళ్ళే. కొత్తగా వచ్చినవాళ్ళకు చోటు లేక నిలబడిపోతున్నారు. దాన్నే మిషన్ ఆగిపోయింది అంటున్నారు.

నాకు అర్థమైంది. నాకు అర్థమైనందుకు వాడు ఎంత సంతోషపడ్డాడో.

పదిహేను రోజులు కూర్చుని ఏదో రాశాడు. ఒక ప్రోగ్రాము లేవగానే దాని పేజీలన్నీ వెంటనే ఖాళీ చేసి, ఖాళీ చోట్ల వరసలో పెట్టేట్టు. ఆ తర్వాత మిషన్ వారం పాటు ఒక్కసారి కూడా ఆగలేదు. ఫ్యాక్టరీ మేనేజరు వాడి చేతికి మిఠాయి పొట్లం ఇచ్చి పంపాడు. ఆ సాయంత్రం వాడు బస్సు దిగి వస్తుంటే నడకే వేరుగా ఉంది. పొట్లం దేవుడి ముందు పెట్టి, తర్వాత వీధిలో అందరికీ పంచాను.

ఆ ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా మా వెనక వీధిలోనే ఉంటాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి ఆ కాటాల దగ్గర ఆయనే. ఆయన నన్ను అక్కయ్యా అంటాడు, ఆయన భార్య వదినా అంటుంది. మా తమ్ముడు ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. ఇద్దరూ ఒకే బస్సులో పోయేవాళ్ళు. కంప్యూటరు వచ్చాక కూడా ఆయన ప్రతి లారీ నంబరూ, వచ్చిన నిమిషంతో సహా, తన నోటుబుక్కులో చేత్తో రాసుకునేవాడు. "అన్నా, మిషన్ ఉండగా ఇంకా ఆ పుస్తకమెందుకు?" అని మావాడు ఏడిపిస్తే, "మిషన్ నీది, పుస్తకం నాది" అనేవాడట.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీలో గొడవ వచ్చింది. మూడు లారీలు బయటికి పోయినట్టు గేటు దగ్గర చీటీలున్నాయి. ఆఫీసు కాపీలో ఆ నంబర్లు లేవు. వాటి చోట వేరే నంబర్లు ఉన్నాయి. గుమాస్తా లారీలను లెక్కలోకి రాకుండా బయటికి వదిలి, తర్వాత నంబర్లు మార్చాడని అనుమానం వచ్చింది. ఆయన తాను మార్చలేదన్నాడు. తన నోటుబుక్కు చూపించాడు. అది ఇంటి దగ్గర కూర్చుని రాసుకొచ్చింది కావచ్చు అన్నారు.

మేనేజరు మా తమ్ముణ్ణి పిలిపించాడు. గుమాస్తా ఎదురుగానే ఉన్నాడు. మనిషి కొట్టిన నంబరు బదులు మిషన్ తనంతట తాను ఇంకో నంబరు రాయడానికి వీలుందా అని మేనేజరు అడిగాడు.

"లేదు సార్" అన్నాడు మావాడు.

ఆ ఒక్క మాట మీద సాయంత్రానికి గుమాస్తాను పనిలోంచి ఆపేశారు. రెండు వారాల్లో విచారణ, దానిలో తేలితే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా పెడతామన్నారు.

ఆ రాత్రి అన్నం తింటూ మావాడే ఈ సంగతి చెప్పాడు. మామూలుగా చెప్పాడు. నేను వడ్డించే గరిటె ఆపాను.

"చూశావా?" అని అడిగాను.

"చూడాల్సిన పనేముందక్కా? అది నేను రాసింది."

మర్నాటి ఉదయం గుమాస్తా భార్య వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. స్తంభం పట్టుకుని నిలబడింది.

"వదినా, ఇరవై ఏళ్ళ నించి ఆ దుమ్ములో పనిచేస్తన్నాడు. ఇంటికి ఒక సిమెంటు సంచి తేలా. మా పెరట్లో గోడ సగంలో ఆగిపోయి ఉంది, నువ్వు చూశావు గదా. నీ తమ్ముడు ఒక్క మాటన్నాడంట. ఆ మాటకి మా ఆయన రాత్రి నించి మంచం దిగలా. వీధిలోకి రానంటన్నాడు. ఆయన్ని దొంగ అన్నది మేనేజరు గాదు వదినా. నీ తమ్ముడే."

నీళ్ళు ఇచ్చాను. ఆమె తాగకుండా గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాడు రాగానే చెప్పాను. వాడికి కోపం వచ్చింది. వాడు నా మీద కోపపడ్డది జీవితంలో అదొక్కసారే.

"వాళ్ళు ఏడ్చారని మిషన్ది తప్పని చెప్పమంటావా?"

"తప్పని చెప్పమనలా. చూడమన్నా."

మర్నాటి నుంచి చూశాడు. కాటా దగ్గర కూర్చుని లారీ తర్వాత లారీ నంబర్లు కొట్టి చూశాడు. ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది. "చూశానక్కా, ఏం లేదు" అన్నాడు. కానీ అన్నం మధ్యలో చెయ్యి ఆగిపోయేది. నేను రోజూ పూజలో ఒకటే అడిగాను. ఎవరిది తప్పైతే వాళ్ళకే తెలియనియ్యి అని. అది మా ఇంటి మీదికి వస్తుందని నాకు తెలియకపోలేదు.

విచారణ ఇంకా రెండు రోజులుందనగా నవమి వచ్చింది. మా రామాలయం దగ్గర పందిరి వేశాము. విస్తళ్ళు తీయించే పని ఎప్పటిలాగే నాది. బంతిలో ఎవరి విస్తరైనా, వాళ్ళు లేచి చెయ్యి కడగడానికి పోయాకే తీయాలి. అది మా అత్తగారి నుంచి నాకు వచ్చిన పద్ధతి. మా తమ్ముడు మంచినీళ్ళ బకెట్టు పట్టుకుని బంతి వెంట తిరుగుతున్నాడు. సెలవు రోజని నేనే రమ్మన్నాను.

మూడో బంతిలో నాపరాళ్ళ గనుల్లో పనిచేసే ఒక తల్లి, మూడేళ్ళ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒకే విస్తట్లో తింటోంది. పిల్లకి కడుపు నిండింది. లేచి పరిగెత్తింది. విస్తళ్ళు తీసే అతను పిల్ల లేవడం చూశాడు. వంగి, విస్తరి అంచు పట్టుకుని మడవబోయాడు. తల్లి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"ఆగవయ్యా. తల్లి ఇంకా తింటంది" అన్నాను.

"పిల్ల లేచిందిగా పెద్దమ్మా. అది పిల్ల విస్తరనుకున్నా" అన్నాడతను.

"ఇద్దరికీ ఒకటే పెట్టించుకున్నానయ్యా" అంది ఆ తల్లి సిగ్గుపడుతూ. బంతిలో అందరూ నవ్వారు.

మా తమ్ముడు నవ్వలేదు. బకెట్టుతో నిలబడిపోయాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇప్పుడేమన్నావు?"

"తల్లి ఇంకా తింటందన్నా."

వాడు బకెట్టు నా చేతికిచ్చి, ఎవరికీ చెప్పకుండా బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. భోజనం కూడా చేయలేదు.

ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి నా ముందు కూర్చుని చెప్పాడు. కాటా దగ్గర తూకం చూసే ప్రోగ్రాము ఒకటి ఉంటుందట. లారీ వచ్చినప్పుడల్లా అది చీటీ అచ్చువేయడానికి ఇంకో చిన్న ప్రోగ్రామును పుట్టిస్తుందట. వాళ్ళ భాషలో కూడా వాటిని తల్లీ పిల్లా అనే అంటారట. పిల్లకి వేరే చోటు ఇవ్వకుండా, తల్లి పేజీల్లోనే ఇద్దరినీ ఉండనిస్తారట, చోటు కలిసొస్తుందని. చీటీ అచ్చువేసి పిల్ల వెళ్ళిపోతుంది. పిల్ల లేవగానే ఆ పేజీలు ఖాళీ అని మావాడు రాసిన ప్రోగ్రాము తీసేస్తోంది. తల్లి ఇంకా అక్కడే కూర్చుని, ఆఫీసు కాపీ రాయబోతోందన్న సంగతి చూడడం లేదు. ఆ నిమిషంలో కొత్తవాళ్ళు ఎవరూ రాకపోతే ఏమీ కాదు. రెండో కాటా మీదికి అదే నిమిషంలో ఇంకో లారీ వస్తే, ఆ చోటు దానికి ఇచ్చేస్తుంది. ఆ లారీ నంబరు అక్కడ పడుతుంది. తల్లి తనదే అనుకుని ఆ నంబరునే కాపీలో రాస్తుంది.

వాడు ఒక్క కాటా మీదే నంబర్లు కొట్టి చూశాడు. అందుకే దొరకలేదు.

మేనేజరు దగ్గరున్న గుమాస్తా నోటుబుక్కు తెప్పించుకుని రాత్రంతా చూశాడట. మూడు లారీలకూ, ఆఫీసు కాపీలో పడిన తప్పు నంబరు, సరిగ్గా అదే నిమిషానికి రెండో కాటా మీద ఉన్న లారీది. ఆ పుస్తకంలో నిమిషాలతో సహా ఉంది.

"ఒక్కో పేజీ మీద ఎంతమంది కూర్చున్నారో ఒక లెక్క పెట్టుకోవాలక్కా. ఒకళ్ళు లేస్తే ఒకటి తగ్గించాలి. ఎవరూ లేరన్నప్పుడే తీయాలి. నాలుగు వరసలు. ఆ నాలుగు వరసలు నేను రాయలా."

ఎంగిలి చెయ్యి చూసుకున్నట్టు తన చెయ్యి చూసుకున్నాడు.

కంపెనీ వాళ్ళు హైదరాబాదు నుంచి ఫోను చేసి, తప్పు సరిచేసి వచ్చెయ్యి, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల జరిగిందని చెప్పు, కాగితం మీద మాత్రం ఏమీ పెట్టవద్దు అన్నారు. వాడు ఒక కాగితం తీసుకుని తెలుగులో రాశాడు. మేనేజరుకి ఇచ్చేముందు నాకు చదివి వినిపించాడు. మూడే మాటలు. ఆ నంబర్లు గుమాస్తా గారు మార్చలేదు. నేను రాసినదానిలో తప్పు వల్ల మారాయి. మారే వీలు లేదని చూడకుండా చెప్పింది కూడా నేనే. అట్లాంటిదే ఇంకొకటి రాసి గేటు దగ్గర నోటీసు బోర్డు మీద తనే అంటించాడు. లారీ డ్రైవర్లు కూడా చదవాలి కదా అన్నాడు.

గుమాస్తాను వెంటనే పనిలోకి తీసుకున్నారు. మా తమ్ముణ్ణి వాళ్ళ కంపెనీ ఆ పని నుంచి తప్పించి, కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పే చోట వేసింది. అది శిక్ష కిందే వేశారు. వాడు దాన్ని శిక్షగా తీసుకోలేదు. మీలో చానామంది అక్కడే వాడికి దొరికారు.

వెళ్ళిపోయేముందు గుమాస్తా ఇంటికి పోయాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన పెరట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. మావాడు నిలబడి, అన్నా, తప్పైపోయింది అన్నాడు. ఆయన నులక లాగి ముడి వేసి, అప్పుడు మాట్లాడాడు.

"నువ్వు రాసినదాంట్లో తప్పొచ్చినందుకు నాకేం లేదు. పొరపాటు ఎవరికైనా వస్తది. నా మొహం చూస్తానే, చూడకుండా లేదన్నావు. అదీ."

అంతే. మళ్ళీ నులక అందుకున్నాడు. ఆయన భార్య మజ్జిగ తెచ్చింది కానీ ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. నాతో మామూలుగానే ఉండేవాడు, అక్కయ్యా బాగున్నావా అనేవాడు. నా తమ్ముడి ఊసు వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయేవాడు.

వాడు ఊరికి వచ్చినప్పుడల్లా ఆయన కనపడతాడేమోనని చూసేవాడు. ఒకసారి బస్టాండులో కనపడ్డాడు. వాడు దగ్గరికి పోయి అన్నా అన్నాడు. ఆయన అటువైపు తిరిగి, బస్సు ఎక్కి కూర్చున్నాడు. బస్సు కదిలి మాచర్ల రోడ్డు పట్టేదాకా మావాడు కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు. నేను సంచీ పట్టుకుని ఇవతల ఉన్నాను. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

అప్పటినుంచి వాడి తొందర పోయింది. ఏది అడిగినా, "చూసి చెప్తా" అనేవాడు. బయట వాన పడుతోందా అని అడిగినా లేచి వాకిట్లోకి పోయి, చెయ్యి చాపి, తిరిగి వచ్చి చెప్పేవాడు. వాడి భార్య, మా మరదలు, విసుక్కునేది. "ఈయన్ని పేరడిగినా చూసి చెప్తా అంటాడు వదినా" అని నా దగ్గర నవ్వేది. ఇంట్లో ఎవరి కంచమైనా తీసేముందు అడిగేవాడు. ఎవరూ లేని గదిలో కూడా దీపం ఆర్పేముందు, లోపల ఎవరన్నా ఉన్నారా అని పిలిచేవాడు. వాడి పిల్లలకు అది ఆటగా ఉండేది. తలుపు వెనక దాక్కుని, ఉన్నాం నాన్నా అనేవాళ్ళు.

మీకు కూడా పాఠంలో మొదట అదే చెప్పేవాడని మీలో ఒకరు నాకు చెప్పారు. ఎవరైనా ఇది ఖాళీ సార్ అంటే, "ఖాళీ అని నీకెవరు చెప్పారు?" అని అడిగేవాడట. కోపంగా కాదు, నెమ్మదిగా. చోటు వెనక్కి తీసుకోకపోతే మిషన్ ఆగుతుంది, అది అందరికీ కనపడుతుంది. ముందే తీసుకుంటే మిషన్ నడుస్తూనే ఉంటుంది, లోపల ఒక మనిషి నలిగిపోతాడు, అది ఎవరికీ కనపడదు అనేవాడట. గురజాల గుమాస్తా సంగతి ప్రతి ఏడూ చెప్పేవాడట. అందులో తన పేరు దాచుకోలేదట.

కిందటి దసరాకి చివరిసారి వచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. ఉప్పు లేని కూడు తింటున్నాడు. పిండి కలుపుతున్న నా పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఆయన బాగున్నాడా?" అన్నాడు. ఎవరని నేను అడగలేదు.

"బాగున్నాడు. నేను పోయి చెప్పనా? నీ ఒంట్లో బాగాలేదని తెలిస్తే..."

"వద్దక్కా. జబ్బు చూపించి అడిగేది కాదది."

కాసేపు నా చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడి ఆరోగ్యం కోసం నేను రోజూ మొక్కాను. దాని పక్కనే ఇది కూడా మొక్కాను. రెండిట్లో ఏది ముందని దేవుడు అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు.

కబురు తెలిసిన రోజు, హైదరాబాదు నుంచి వాణ్ణి తెచ్చే వ్యాను మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. వాణ్ణి వసారాలో పడుకోబెట్టారు. పొద్దున తొడిమలు తీసిన మిరపకాయల ఘాటు ఇంకా అక్కడ ఉంది. వచ్చినవాళ్ళు దగ్గుతున్నారు. అవి ముందే తీయించాల్సింది, నాకు తోచలేదు. మరదలు వాడి పాదాల దగ్గర కూర్చుంది. పిల్లలిద్దరూ నా కొంగు పట్టుకుని ఉన్నారు. పొద్దు గూకేలోపు తీసుకుపోవాలని పెద్దవాళ్ళు తొందర పెట్టారు.

పాడె కడుతుండగా చూశాను. గోడ పక్కన గుమాస్తా నిలబడి ఉన్నాడు. షిఫ్టు మధ్యలోంచి వచ్చినట్టున్నాడు. ఖాకీ చొక్కా, జుట్టు, కనురెప్పలు అన్నీ సిమెంటు దుమ్ము. లోపలికి రాలేదు. శవం వైపు కూడా చూడడం లేదు. వెదురు బొంగులకు ముడులు వేస్తున్నవాళ్ళ చేతులు చూస్తున్నాడు. ఒక ముడి వదులుగా ఉందని గబగబా వచ్చి, వంగి, లాగి బిగించి, మళ్ళీ గోడ దగ్గరికి పోయాడు.

నలుగురు మోసేవాళ్ళు సిద్ధమయ్యారు. మా ఆయన, మా పెద్దబ్బాయి, మరదలు అన్నదమ్ములు ఇద్దరు. ఎత్తబోతుండగా ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ముందు కుడిపక్క నేను పడతానక్కయ్యా."

మరదలు అన్న ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఎవరండీ మీరు? మావాళ్ళం ఉన్నాంగా" అన్నాడు. ఆయన నా వైపే చూస్తున్నాడు.

"ఇవ్వండి" అన్నాను.

మరదలు అన్న పక్కకు జరిగాడు. ఆయన చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. దుమ్ము చేతులకి ఇంకా అంటింది. వంగి బొంగు భుజాన పెట్టుకున్నాడు. పాడె లేచింది.

మాలో ఆడవాళ్ళు వీధి చివరి దాకా కూడా పోరు. గడప దగ్గరే నిలబడి చూశాను. మిగతా ముగ్గురూ పొడుగు మనుషులు. ఆయన పొట్టి. పాడె ఆయన వైపుకి ఒరిగింది. ఆయన ఒక్క క్షణం ఆగి, కుడి అరచెయ్యి బొంగు కింద పెట్టి, దాన్ని తన భుజం మీద నుంచి పైకెత్తి, మిగతావాళ్ళ భుజాలకు సమానంగా పట్టుకున్నాడు. వీధి పొడుగూతా ఆ చెయ్యి దించలేదు. మలుపు దగ్గర అందరూ తిరిగారు. అక్కడ కూడా పాడె ఒరగలేదు.